అసలు సీడీ పెట్టినా ‘అసలు సీడీ పెట్టండి’ అంటోంది, ఏటి సెయ్యాలి మాస్టారూ?

ఈసారి ఉత్తరాల సంచి నిండా గేముల గొడవే. సెలవులకి అటక మీంచి పాత సీడీలు దింపినవాళ్లందరూ కూడబలుక్కుని రాసినట్టున్నారు. పెద్ద ఉత్తరం ముందు పెడుతున్నాను, దాని జవాబు చదివితే మిగతావాళ్లకి సగం పని అయిపోద్ది.

ప్రశ్న: మాస్టారూ, మాది ఆమదాలవలస. 2004లో డిగ్రీ సదువుతున్నప్పుడు వైజాగ్ జగదాంబ దగ్గర ఒక షాపులో కార్ రేసుల గేమ్ ఒరిజినల్ సీడీ కొన్నాను, రెండు నెల్ల మెస్సు డబ్బులు దానికే పోసీనాను, మా నాన్నకి ఇప్పటికీ తెలీదు. ఇప్పుడు మా గుంటడికి పదకొండేళ్లు, వాడికి సూపిద్దామని లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఉత్తుత్తి కంప్యూటర్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) వేసి అందులో పాత విండోస్ ఎక్స్‌పీ ఎక్కించి, సీడీని ఐఎస్ఓ ఫైలుగా (సీడీలో డేటాకి నకలు) చేసి పెట్టాను. ఇన్‌స్టాల్ బ్రహ్మాండంగా అయ్యింది. ఐకాన్ నొక్కితే మాత్రం ‘ఒరిజినల్ సీడీ పెట్టండి’ అంటాది. సరే అని యూఎస్‌బీ సీడీ డ్రైవ్ తగిలించి నిజం సీడీయే పెట్టాను, అప్పుడూ అదే మాట. అన్నిటికన్నా ఒళ్లు మండేది ఏటంటే, నా ఫ్రెండు దగ్గర అదే గేమ్ దొంగ సీడీ ఉంది, ముప్పై రూపాయలది, అది అదే ఎక్స్‌పీలో సక్కగా ఆడుతుంది. ఇదేం న్యాయం?

జవాబు: న్యాయం సంగతి తర్వాత, మీ కడుపుమంటలోనే జవాబుంది. ఆ ముప్పై రూపాయల సీడీలో కాపలావాడు లేడు. ఎవడో ఎక్కడో తాళం ముందే పీకేసి, మార్కర్‌తో పేరు గీకేసి అమ్మాడు. మీరు డబ్బులిచ్చి కొన్నారు కాబట్టి మీకు తాళంతో సహా వచ్చింది.

ఆ తాళం ఎలాంటిదో తెలిస్తే మిగతాది తేలిక. చాలామంది అనుకునేది సీడీలో ఏదో సీక్రెట్ ఫైల్ ఉంటుంది, గేమ్ దాన్ని వెతుక్కుంటుంది అని. అది కాదండి. ఫైల్ అయితే ఎవరైనా కాపీ కొట్టేస్తారు కదా, అందుకే కంపెనీలు డేటాని వదిలేసి బిళ్ల మీద పడ్డాయి, అంటే ఫ్యాక్టరీలో అచ్చేసిన బిళ్లకి ఉండే ఒంటి లక్షణాలు, ఇంట్లో రైటర్‌తో కాల్చిన సీడీకి రానివి, వాటిని చూస్తాయి. 1998లో వచ్చిన సేఫ్‌డిస్క్ అనే పద్ధతి ఉంది, అందులో సీడీ మొదటి భాగంలో కావాలనే కొన్ని సెక్టార్లు (డేటా రాసే చిన్న చిన్న గడులు) పాడుచేసి పెడతారు. గేమ్ మొదలయ్యే ముందు అక్కడ చదవడానికి చూస్తుంది, చదవలేకపోతే ‘ఆఁ, ఇది అసలుది’ అనుకుంటుంది, చక్కగా చదవగలిగితే ‘దొంగ సీడీ’ అంటుంది! తప్పు ఉండాల్సిన చోట తప్పు లేకపోవడమే అక్కడ తప్పు. తర్వాతి వెర్షన్లలో ఇంకో తెలివి, సీడీ రైటర్లు సరిగ్గా కాల్చలేని రకం బిట్ల వరసలు కొన్ని ఉంటాయి, వాటిని ఏరి మరీ పెట్టారు. ఇక సోనీ డీఏడీసీ వాళ్ల సెక్యూరామ్ అనే ఇంకో తాళం అయితే ఒక సెక్టార్ నుంచి ఇంకో సెక్టార్‌కి వెళ్లడానికి డ్రైవ్‌కి ఎంత టైమ్ పట్టిందో కొలిచి, దాన్నిబట్టి బిళ్ల మీద అవి ఎంత దూరంలో ఉన్నాయో లెక్క కడుతుంది.

ఇప్పుడు ఐఎస్ఓ సంగతి చూడండి. సీడీ మీద ఒక సెక్టార్ అంటే 2352 బైట్లు. ఐఎస్ఓలోకి వచ్చేది అందులో 2048 మాత్రమే, అసలు డేటా. మిగిలినవి అడ్రసు, తప్పులు దిద్దుకునే కోడ్ లాంటివి, అవి అక్కడే వదిలేస్తుంది. పక్కనే సబ్‌చానెల్ అని సెక్టార్‌కి ఇంకో 96 బైట్లు ఉంటాయి, అవీ రావు. పాడు సెక్టార్లు కూడా రావు, ఆ చోట సున్నాలు పడతాయి, సున్నాలైతే ఎవడైనా బాగా చదివేస్తాడు. అంటే మన పొందూరు ఖద్దరు పంచె ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టినట్టన్నమాట. రంగు తెలుస్తుంది అంచు తెలుస్తుంది, కానీ ఖద్దరు తెలిసినవాడు ఫొటో చూసి ఒప్పుకుంటాడా, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పెట్టి నలిపి చూస్తేగానీ అది కొండపత్తో కాదో చెప్పడు. మీ గేమ్ కూడా అంతే, నలిపి చూస్తానంటుంది, మీరు ఫొటో చూపిస్తున్నారు.

మరి నిజం సీడీ పెట్టినా ఎందుకు ఒప్పుకోలేదంటారా. అక్కడే వర్చువల్ మెషిన్, అంటే ఆ ఉత్తుత్తి కంప్యూటర్, అడ్డం వస్తుంది. లోపలున్న ఎక్స్‌పీకి కనబడేది మీ యూఎస్‌బీ డ్రైవ్ కాదు, వర్చువల్‌బాక్స్ తయారుచేసిన ఉత్తుత్తి డ్రైవ్. గేమ్ దాన్ని ఏదడిగినా మధ్యలో వర్చువల్‌బాక్స్ నిలబడి బయట సీడీలోంచి మామూలు డేటా తెచ్చిస్తుంది, అంతకుమించి అడిగితే నాకు తెలీదంటుంది. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లని వీధి గుమ్మంలోనే కూర్చోబెట్టి లోపల్నుంచి కబుర్లు మాత్రం మోసుకొచ్చే మేనమామలాగ.

కాబట్టి మేనమామని తప్పించాలి, దానికి రెండు దార్లు. వర్చువల్ మెషిన్ ఆపేసి, సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్లి, సీడీ బొమ్మ మీద నొక్కి, ఐఎస్ఓ తీసేసి హోస్ట్ డ్రైవ్, అంటే బయటి నిజం డ్రైవ్, ఎంచుకోండి. అప్పుడు కుడిపక్కన ‘పాస్‌త్రూ’ అని చిన్న పెట్టె కనిపిస్తుంది, దానికి టిక్ పెట్టండి. మీరు హోస్ట్ డ్రైవ్ దాకా వెళ్లి ఆ టిక్కు దగ్గర ఆగిపోయినట్టున్నారు, నూటికి తొంభైమంది అక్కడే ఆగిపోతారు. టిక్ పెడితే గేమ్ పంపే ఆజ్ఞలు నేరుగా డ్రైవ్‌కే వెళ్తాయి. వీఎంవేర్ (వర్చువల్‌బాక్స్ లాంటిదే ఇంకోటి) వాడేవాళ్లకి ఇది తిరగేసి ఉంటుంది, అక్కడ సీడీ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కితే ‘లెగసీ ఎమ్యులేషన్’ అని ఉంటుంది, దానికి టిక్ ఉండకూడదు.

రెండో దారి మీలాంటి యూఎస్‌బీ డ్రైవ్ వాళ్లకి. డ్రైవ్‌ని సీడీగా కాకుండా యూఎస్‌బీ వస్తువుగా మొత్తానికి మొత్తం లోపలికి పంపేయడం. డివైసెస్ మెనూలో యూఎస్‌బీ అని ఉంటుంది, అందులో మీ డ్రైవ్ పేరు మీద నొక్కితే బయట విండోస్‌లోంచి మాయమై లోపల ఎక్స్‌పీలో ‘కొత్త హార్డ్‌వేర్ దొరికింది’ అని తేలుతుంది. ముందు సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ 2.0 కంట్రోలర్ పెట్టుకోండి, 3.0 పెడితే ఎక్స్‌పీకి దాని డ్రైవర్ లేదు, 1.1 పెడితే ఎడ్లబండే. వర్చువల్‌బాక్స్ 7.0 ముందరివి వాడుతుంటే 2.0 కోసం ఎక్స్‌టెన్షన్ ప్యాక్ విడిగా వేసుకోవాలి. నాకు ఈ రెండో దారే ఎక్కువసార్లు పని చేసింది, ఎందుకంటే మధ్యలో తర్జుమా చేసేవాడు ఉండడు.

పని చేస్తోందో లేదో చెవితో తెలిసిపోద్ది. ఐకాన్ నొక్కగానే డ్రైవ్ గుయ్యిమని లేచి, లైటు గబగబా కొట్టుకుని, లోపల లెన్సు టక్ టక్ టక్ అని మూడు నాలుగు సార్లు ఒకే చోట తచ్చాడుతుంది, ఆ పాడు సెక్టార్ల దగ్గరన్నమాట, అప్పుడు గేమ్ లోగో వస్తుంది. ఆ టక్ టక్ వినపడకుండా టపీమని మెసేజ్ వచ్చేసిందంటే గేమ్ మాట డ్రైవ్ దాకా వెళ్లనే లేదు, సెట్టింగ్స్ మళ్లీ చూడండి. టక్ టక్ అయ్యాక మెసేజ్ వస్తే మాత్రం సీడీకి గీతలున్నాయేమో, లేదా ఆ డ్రైవ్‌కి ఆ సీడీ పడట్లేదేమో, ఇంకో డ్రైవ్ ఎవరిదైనా అడిగి చూడండి.

ఒకటి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోకండి. సీడీ గండం దాటినా రేసుల గేమ్ కాబట్టి త్రీడీ గండం ఉంది. వర్చువల్‌బాక్స్ 6.1 నుంచి పాత తరహా త్రీడీ సపోర్ట్ తీసేశారు, ఎక్స్‌పీలో నల్ల స్క్రీనే మిగలొచ్చు. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ 2024 నుంచి సొంత వాడకానికి ఉచితమే, ఎక్స్‌పీ గేములకి నా అనుభవంలో అదే నయం. మీ అబ్బాయికి ఓపిక తక్కువైతే మొదట అందులోనే పెట్టండి.

ప్రశ్న: సార్, విజయనగరం గంటస్తంభం దగ్గర మా నెట్ షాపు. విండోస్ 10 లోనే డైరెక్టుగా పాత ఒరిజినల్ గేమ్ వేస్తే అసలు ఓపెనే అవ్వట్లేదు, మెసేజ్ కూడా రాదు. ఇంటర్నెట్‌లో ఒకాయన ‘ఈ డ్రైవర్ ఫైల్ దించుకుని వేసీ, అయిపోద్ది’ అంటున్నాడు. వెయ్యనా?

జవాబు: వెయ్యకండి బాబూ, కస్టమర్లు బ్యాంకు పాస్‌వర్డులు కొట్టే సిస్టమ్‌లో అసలు వెయ్యకండి. ఆ ఫైల్ సెక్‌డ్రివ్, సేఫ్‌డిస్క్ వాడి డ్రైవర్. ఇది విండోస్ గుండెకాయలో, అంటే కెర్నల్‌లో కూర్చుని పని చేస్తుంది. 2007లో దాన్లో ఒక కన్నం బయటపడింది, మామూలు లాగిన్‌తో వచ్చినవాడు దాన్ని పట్టుకుని సిస్టమ్ మొత్తం తన చేతిలోకి తీసుకోవచ్చు, ఆ డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి ప్యాచ్ కూడా ఇచ్చింది. చివరికి 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఈ తలనొప్పి మాకొద్దని ఆ డ్రైవర్‌నే పక్కన పెట్టేశారు, అదే ఏడు సెప్టెంబరు అప్డేట్‌తో విస్టా, 7, 8 ల్లో కూడా దాన్ని ఆపేశారు. మీ గేమ్ నోరెత్తకుండా చచ్చిపోవడానికి కారణం అదే, పలకడానికి అవతల ఎవరూ లేరు.

దానికే పై ఉత్తరంలో చెప్పిన ఎక్స్‌పీ వర్చువల్ మెషిన్. అందులో ఆ డ్రైవర్ పుట్టుకతోనే ఉంటుంది. కాకపోతే దాని నెట్‌వర్క్ కేబుల్ సెట్టింగ్స్‌లో పీకేసి పెట్టండి, ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తో అయిపోయింది, ఇంటర్నెట్‌లోకి దాన్ని వదలడం అంటే తలుపులు బార్లా తీసి సిరిమానోత్సవానికి వెళ్లిపోవడమే.

ఇలాంటి ఫైళ్ల మాట వస్తే నాకు నా సొంత బుద్ధితక్కువ పని గుర్తొస్తుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర సర్వీస్ చేసే రోజుల్లో ఒక కుర్రాడు సీడీ అరిగిపోయింది అంటే జాలిపడి, సీడీ అక్కర్లేకుండా ఆడించే క్రాక్ ఒకటి ఏదో సైటులోంచి దించాను. గేమ్ ఆడింది. మూడో రోజుకి షాపులో పెన్‌డ్రైవ్ పెట్టినవాళ్లందరి ఫోల్డర్లూ షార్ట్‌కట్లుగా మారిపోయాయి, జిరాక్సుకొచ్చిన ఒక టీచరుగారి ప్రశ్నపత్రాలతో సహా. ఆవిడ ఇప్పటికీ నేను కనబడితే పెన్‌డ్రైవ్ బ్యాగులో దాచుకుంటారు.

ప్రశ్న: నమస్తే అండి, పలాస నుంచి రాస్తున్నాను. 2018లో తిత్లీ తుఫానుకి మా ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు తమ్ముడి గేమ్ సీడీల పెట్టె తడిసిపోయింది. వాడు ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు, వచ్చేలోపు అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆశ్చర్యపరుద్దామని ఐఎస్ఓలు చేస్తున్నాను. ఒక గేమ్ వర్చువల్ మెషిన్‌లో బాగానే నడుస్తోంది గానీ పాటలు రావట్లేదు, కార్ల చప్పుడు మాత్రం వస్తోంది. సీడీ పాడైపోయినట్టా?

జవాబు: సీడీ బాగానే ఉందమ్మా, మళ్లీ ఐఎస్ఓయే దొంగ. ఆ కాలం గేములు చాలావాటికి సీడీలో మొదటి ట్రాక్ గేమ్, మిగతా ట్రాకులన్నీ మామూలు పాటల సీడీలాగే మ్యూజిక్. ఆ సీడీని పాత టేప్‌రికార్డర్ సీడీ ప్లేయర్‌లో పెట్టి రెండో ట్రాక్ నుంచి వినండి, గేమ్ పాటలు వస్తే నా మాట నిజమన్నట్టే. మొదటి ట్రాక్ మాత్రం ప్లే చెయ్యకండి, కొన్ని ప్లేయర్లలో చెవులు చిల్లులు పడే గోల వస్తుంది. ఐఎస్ఓ డేటా ట్రాక్ ఒక్కటే తీసుకుంటుంది, అందుకే మ్యూజిక్ పోయింది. కార్ల చప్పుడు ఫైళ్లలో ఉంటుంది కాబట్టి మిగిలింది.

పాటల ట్రాకులూ రావాలంటే మీరు బిన్, క్యూ అనే జంట ఫైళ్లుగా తీయాలి. కొత్త వర్చువల్‌బాక్స్ క్యూ ఫైల్‌ని నేరుగానే తీసుకుంటుంది, అలా పాటలు రాకపోతే ఆ ఫైళ్లు ఎక్స్‌పీ లోపలికి కాపీ చేసి, అక్కడ ఏదైనా వర్చువల్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించండి. అసలు సీడీయే వాడతానంటే పాస్‌త్రూ టిక్ ఉండాలి, అది లేకపోతే ఆడియో ట్రాకులు లోపలికి వెళ్లవు. డాస్ కాలం నాటి గేమ్ అయితే వర్చువల్ మెషిన్ జోలికే పోకండి, డాస్‌బాక్స్ (డాస్ గేములు ఆడించే సాఫ్ట్‌వేర్) వాడండి, అది క్యూ ఫైళ్లని నేరుగా తీసుకుంటుంది పాటలతో సహా.

తడిసిన సీడీల గురించి ఒక మాట. మెత్తటి నూలు గుడ్డతో, మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవద్దు, గుండ్రంగా పడ్డ గీత ట్రాక్ వెంటే పోయి డేటా చాలా దూరం మింగేస్తుంది. అందరూ మెరిసే వైపే జాగ్రత్త పడతారు గానీ సీడీకి బొమ్మ ఉన్న వైపే ఎక్కువ ప్రమాదం, డేటా పొర ఆ అచ్చు కిందే పల్చగా ఉంటుంది, అక్కడ రేకు లేచి వెలుగు కనబడుతోందంటే ఆ సీడీని ముందుగా ఎక్కించుకోండి, రేపటికి ఉండకపోవచ్చు. డీవీడీకి ఈ బాధ తక్కువ, దాని పొర రెండు ప్లాస్టిక్ బిళ్లల మధ్యన ఉంటుంది.

ప్రశ్న: గురువుగారూ, బొబ్బిలి. కొనుక్కున్న సీడీకి కాపీ తీసుకుంటే నేరమా? మా బావ లాయరు దగ్గర గుమస్తా, జైలుకెళ్తావురా అని ఆటపట్టిస్తున్నాడు.

జవాబు: బావలు అందుకే కదా ఉన్నది. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో, న్యాయంగా కొన్నవాడు కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి పోతుందేమో పాడవుతుందేమో అని బ్యాకప్ కాపీ తీసుకోవచ్చని రాసి ఉంది. తాళం పగలగొట్టడం సంగతి 2012 సవరణలో 65ఏ అని చేర్చారు, హక్కులకి గండికొట్టే ఉద్దేశంతో చేస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. అందులో ‘ఉద్దేశం’ అన్న మాట ముఖ్యం. కాపీ తీసి సంతలో అమ్మితే బావ గెలిచినట్టే. నేను లాయర్ని కాదు, ఆ పైన అనుమానముంటే బావని కాదు, బావగారి లాయరుగారిని అడగండి.

అసలు నన్నడిగితే ఇంత గొడవ పడేముందు ఆ గేమ్ జీఓజీ అనే గేములమ్మే సైటు లాంటి చోట మళ్లీ అమ్ముతున్నారేమో చూడండి, 2008 నుంచీ వాళ్లు పాత గేములు తాళాలు లేకుండా అమ్ముతున్నారు, డిస్కౌంట్ రోజుల్లో బిర్యానీ కన్నా చవగ్గా కూడా దొరుకుతాయి. కొన్ని గేములకి కంపెనీలే చివరి ప్యాచ్‌లో సీడీ చెక్ తీసేశాయి, ప్యాచ్‌తో పాటు వచ్చే రీడ్‌మీ ఎవరూ చదవరు, అందులో ఉంటుంది ఆ సంగతి.

ప్రశ్న: అన్నా, పార్వతీపురం. నాది సీడీ గేమ్ కాదు, ఆన్‌లైన్‌ది. వర్చువల్ మెషిన్‌లో వేస్తే ‘వర్చువల్ మెషిన్‌లో నడవదు’ అని మొహం మీదే చెప్పేస్తోంది. దానికీ పాస్‌త్రూ టిక్ పెడితే సరిపోద్దా?

జవాబు: సరిపోదు తమ్ముడూ, అది వేరే జబ్బు. పై గేములు వర్చువల్ మెషిన్ ఉందని తెలిసి తిరగబడలేదు, పాపం వాటికి సీడీ కనబడక ఏడ్చాయి. నీది అలా కాదు, చుట్టూ ఉన్నది నిజం కంప్యూటరా ఉత్తుత్తిదా అని వెతికి మరీ చూస్తోంది, ప్రాసెసర్ని అడిగితే నేను హైపర్‌వైజర్ (వర్చువల్ మెషిన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) కింద ఉన్నానని అదే చెప్పేస్తుంది, హార్డ్‌డిస్క్ పేరులోనే ‘వీబాక్స్’ అని, అంటే వర్చువల్‌బాక్స్ పొట్టిపేరు, రాసి ఉంటుంది. ఆన్‌లైన్ గేముల్లో మోసగాళ్లు వర్చువల్ మెషిన్లు వాడతారని ఆ కాపలా. వేషం మార్చి దాటించే ఉపాయాలు చెప్పేవాళ్లు ఉంటారు, పట్టుబడితే అకౌంట్ బ్లాక్ అవుద్ది, నువ్వు పోగేసిన స్కిన్లన్నీ పోతాయి. మామూలు విండోస్‌లోనే ఆడుకో.

ఆమదాలవలస ఆయనకి ఇంకొక్క మాట, రాయడం మర్చిపోయాను. సీడీ చెక్ అయ్యేటప్పుడు బయట విండోస్‌లో ఆ డ్రైవ్ తాలూకు ఫోల్డర్ తెరిచి ఉంచకండి, యాంటీవైరస్ దాన్ని తడుముతున్నా సరే గేమ్‌కి టైమ్ లెక్క తప్పి మళ్లీ మొదటికొస్తుంది. అయ్యాక ఆ టక్ టక్ వినబడిందో లేదో ఒక కార్డు ముక్క రాయండి.